సర్వీసు బాగుందా అని అడుగుతున్నది ఎవరు?

అందరికీ నమస్కారం. వెబ్ అప్లికేషన్ వెనక నడిచే సర్వీసుల ఆరోగ్యాన్ని ఎలా కనిపెట్టుకుని ఉండాలన్నది ఈ పూట విషయం. ముందు ఒక చిన్న ప్రయోగం చెబుతాను, ఎవరైనా చేసి చూడొచ్చు.

మీ లినక్స్ మెషీన్‌లో ఏదో ఒక వెబ్ సర్వర్ నడపండి. ఇంకో టెర్మినల్ తెరిచి ఆ ప్రాసెస్‌కి స్టాప్ సిగ్నల్ పంపండి. అంటే కిల్ కమాండ్‌కి మైనస్ స్టాప్ అని చెప్పి, పక్కన ప్రాసెస్ నంబర్ ఇవ్వాలి. ఆ క్షణం నుంచి ఆ ప్రోగ్రామ్ ఒక్క అడుగు కూడా ముందుకు వేయదు. ఇప్పుడు దాని పోర్టుకి టీసీపీ కనెక్షన్ పెట్టి చూడండి. ఇట్టే కలుస్తుంది. ప్రాసెస్ లిస్టు చూడండి, అందులోనూ ఉంటుంది. మెమరీ వాడకం మామూలుగానే ఉంటుంది, ఎర్రర్ లాగ్‌లో ఒక్క లైను రాదు. కారణం ఏమిటంటే, టీసీపీ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ కలిపే పలకరింపు) పూర్తి చేసేది మన ప్రోగ్రామ్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్. వచ్చిన కనెక్షన్‌ని కెర్నల్ ఒప్పుకుని ఒక క్యూలో పెడుతుంది. ప్రోగ్రామ్ వచ్చి తీసుకునేదాకా అది అక్కడే పడి ఉంటుంది. క్యూ నిండేవరకూ బయటినుంచి చూసేవాళ్లకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఫోన్ మోగుతోందంటే అవతలి మనిషి మెలకువగా ఉన్నట్టు కాదు కదా.

కాబట్టి "పోర్టు తెరిచి ఉందా, ప్రాసెస్ బతికి ఉందా" అన్న తనిఖీలు రెండూ చెప్పేది చాలా తక్కువ. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపి, గడువులోగా జవాబు వచ్చిందో లేదో చూడాలి. ఇంతవరకూ దాదాపు అందరూ ఒప్పుకుంటారు. చిక్కు వచ్చేది ఆ తర్వాత, ఆ జవాబులో ఏం ఉండాలి అన్న చోట.

ఆ జవాబిచ్చే హెల్త్ చెక్ రాసేటప్పుడు "ఏమేం తనిఖీ చేద్దాం" అని మొదలుపెడతాం. డేటాబేస్ ఒకటి, క్యాష్ (తరచూ వాడే డేటాని దగ్గర దాచుకునే చోటు) ఒకటి, మెసేజ్ క్యూ ఒకటి, అవతలి టీమ్ ఏపీఐ ఒకటి అని చేర్చుకుంటూ పోతాం. నా అభిప్రాయంలో మొదలుపెట్టాల్సిన చోటు అది కాదు. ఈ చెక్ "బాగా లేదు" అని చెబితే ఎవరు ఏం చేస్తారు? అది ముందు తేల్చుకోవాలి. అడిగేవాళ్లు ముగ్గురు. మొదటివాడు ప్రాసెస్‌ని చంపి మళ్లీ లేపేవాడు, అంటే కుబర్నెటిస్‌లో (చాలా మెషీన్ల మీద ప్రోగ్రామ్‌లు నడిపే వ్యవస్థ) ఒక్కో మెషీన్‌లో ఉండే కుబ్లెట్, మామూలు లినక్స్ మెషీన్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ. రెండోవాడు ట్రాఫిక్ పంపాలా వద్దా అని చూసే లోడ్ బ్యాలెన్సర్. మూడోది మనిషి, ఏం జరుగుతోందో తెలుసుకోవాల్సిన ఇంజనీరు. ముగ్గురూ చేసే పనులు వేరు. అందుకే ముగ్గురికీ ఒకే యూఆర్ఎల్ ఇచ్చి ఒకే జవాబు చెప్పకూడదు.

మొదటివాడి దగ్గర పొరపాటు చేస్తే నష్టం చాలా ఎక్కువ. ఇతను చేసే తనిఖీని కుబర్నెటిస్ లైవ్‌నెస్ ప్రోబ్ అంటుంది. మనం ఏ విలువలూ ఇవ్వకపోతే 10 సెకన్లకి ఒకసారి అడుగుతుంది, జవాబుకి 1 సెకను గడువు ఇస్తుంది, వరసగా 3 సార్లు తప్పితే కంటెయినర్‌ని (ప్రోగ్రామ్ నడిచే పెట్టె) చంపి మళ్లీ మొదలుపెడుతుంది. జవాబుతో వచ్చే స్టేటస్ కోడ్ 200 నుంచి 399 వరకూ (200లు విజయం, 300లు మళ్లింపు) ఏది వచ్చినా పాస్ కిందే లెక్క. లాగిన్ పేజీకి మళ్లించినా పాసే, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఈ లైవ్‌నెస్ ప్రోబ్‌లో డేటాబేస్ తనిఖీ పెట్టామనుకుందాం. 20 ఇన్‌స్టన్స్‌లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌కి 20 ప్రతులు, ఒక్కోదానికి 10 కనెక్షన్ల పూల్ (ముందే తెరిచి ఉంచుకునే కనెక్షన్ల సమితి), వెనక ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని కనెక్షన్ పరిమితి 300. ఎవరో ఒక పెద్ద రిపోర్టు క్వెరీ నడిపారు, డేటాబేస్ ఒక నిమిషం పాటు మందగించింది. 20 ఇన్‌స్టన్స్‌లూ ఒకే డేటాబేస్‌ని అడుగుతున్నాయి కాబట్టి అన్నింటికీ ఒకే సమయంలో ప్రోబ్ తప్పుతుంది. అరనిమిషంలో 20కి 20 రీస్టార్ట్ అవుతాయి. చచ్చిన ప్రాసెస్‌లు వదిలేసిన 200 కనెక్షన్లు వెంటనే మూతపడవు. క్వెరీ మధ్యలో ఉన్న పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్, అవతలివైపు ఎవరూ లేరన్న సంగతి జవాబు పంపబోయేటప్పుడే తెలుసుకుంటుంది. దానికోసం మధ్యమధ్యలో చూసుకునే సెట్టింగ్ ఒకటి 14వ వెర్షన్ నుంచి ఉంది గానీ, మనం ఆన్ చేస్తే తప్ప పని చేయదు. ఈలోగా కొత్తగా లేచిన 20 ప్రాసెస్‌లు ఇంకో 200 కనెక్షన్లు అడుగుతాయి. పరిమితి దాటుతుంది. క్లయింట్లు ఎక్కువైపోయారని పోస్ట్‌గ్రెస్ తిప్పికొడుతుంది. కనెక్షన్ దొరకని ప్రాసెస్ మొదలవుతూనే పడిపోతుంది. అప్పుడు కుబర్నెటిస్ ఆగి ఆగి లేపడం మొదలుపెడుతుంది: 10 సెకన్లు, 20, 40, అలా రెట్టింపవుతూ 5 నిమిషాల వరకూ వెళ్తుంది. డేటాబేస్ ఒక నిమిషంలో కోలుకున్నా సైట్ పావుగంట వరకూ కోలుకోకపోవచ్చు. పైగా క్యాష్‌లన్నీ ఖాళీ, కాబట్టి లేచిన ప్రతి ప్రాసెస్సూ డేటాబేస్ మీద మామూలు కంటే ఎక్కువ బరువు వేస్తుంది.

ఇందులో రీస్టార్ట్ వల్ల బాగుపడింది ఏమైనా ఉందా? లేదు. డేటాబేస్ మందగిస్తే అప్లికేషన్‌ని చంపడం వైద్యం కాదు. లైవ్‌నెస్‌కి ఒకే కొలత: రీస్టార్ట్ చేస్తే నయమయ్యే జబ్బు మాత్రమే అందులో ఉండాలి. డెడ్‌లాక్ (ఒకదానికోసం ఒకటి ఆగి అన్నీ ఇరుక్కోవడం), ఆగిపోయిన ఈవెంట్ లూప్ (పనులు ఒక్కోటీ అందుకుని నడిపే ప్రధాన చక్రం), తిరిగి రాని వర్కర్ థ్రెడ్లు (రిక్వెస్టుల పని చేసేవి), ఇవే. నెట్‌వర్క్ దాటి అవతల ఉన్నది ఏదీ అందులో ఉండకూడదు.

మరి డెడ్‌లాక్‌ని ఎలా పట్టుకోవాలి? హెల్త్ యూఆర్ఎల్‌ని మామూలు రిక్వెస్టులు నడిచే వర్కర్ పూల్‌లోనే పెడితే, రద్దీ ఎక్కువైనప్పుడు దానికి థ్రెడ్ దొరకదు. గడువు దాటుతుంది. బాగా పని చేస్తున్న ప్రాసెస్‌ని రద్దీ సమయంలో మనమే చంపుకుంటాం. సరే అని వేరే పోర్టులో, వేరే థ్రెడ్‌లో పెడితే వర్కర్లన్నీ ఇరుక్కుపోయినా అది మాత్రం హాయిగా "బాగుంది" అంటూ ఉంటుంది. రెండూ తప్పే. నేను సూచించేది ఇది: హెల్త్ థ్రెడ్ విడిగానే ఉండనివ్వండి, కానీ అది తన సంగతి చెప్పకూడదు. వర్కర్లు ఒక్కో పని ముగించినప్పుడల్లా ఒక టైమ్‌స్టాంప్ రాసిపెట్టాలి. హెల్త్ థ్రెడ్ దాన్ని చూసి, చేయాల్సిన పని ఉండి కూడా 60 సెకన్లుగా ఒక్కటీ ముగియకపోతే అప్పుడు "బాగా లేదు" అనాలి. "చేయాల్సిన పని ఉండి" అన్న షరతు మరచిపోతే అర్ధరాత్రి ఖాళీగా కూర్చున్న సర్వర్ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. సిస్టమ్‌డీ వాచ్‌డాగ్‌దీ ఇదే పద్ధతి, కాకపోతే తిరగేసి: ప్రాసెస్సే క్రమం తప్పకుండా "ఉన్నాను" అని చెబుతూ ఉండాలి, గడువులోగా చెప్పకపోతే సిస్టమ్‌డీ దాన్ని ముగిస్తుంది. రీస్టార్ట్ సెట్టింగ్ పెట్టి ఉంటే మళ్లీ లేపుతుంది.

1 సెకను గడువు చాలా తక్కువ. జావా గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని ఖాళీ చేసే పని) ఒకసారి ఆపినా, సీపీయూ పరిమితి దాటి కంటెయినర్‌ని కెర్నల్ కాసేపు నిలిపేసినా అది దాటిపోతుంది. లైవ్‌నెస్‌కి 3 నుంచి 5 సెకన్ల గడువు, 5 లేక 6 తప్పుల ఓపిక పెట్టండి. మొదలవడానికి చాలాసేపు తీసుకునే అప్లికేషన్‌కి స్టార్టప్ ప్రోబ్ వాడండి. 10 సెకన్లకొకటి, 30 తప్పుల వరకూ అని పెడితే 5 నిమిషాలు ఊపిరి దొరుకుతుంది, అది పాసయ్యేదాకా లైవ్‌నెస్ జోలికి రాదు.

ఇక రెండోవాడు, లోడ్ బ్యాలెన్సర్. ఇతనికి చెప్పే జవాబు రెడీనెస్. "ఇప్పుడు నాకు ట్రాఫిక్ పంపొచ్చు" లేదా "పంపకండి". ఇక్కడ తప్పు చేసినా ప్రాసెస్ చావదు కాబట్టి కాస్త నయం, కానీ పొరపాటు మాత్రం అదే రకం. డేటాబేస్‌ని రెడీనెస్‌లో పెడితే, అది పడిపోగానే 20 ఇన్‌స్టన్స్‌లూ ఒకేసారి వరసలోంచి తప్పుకుంటాయి. డేటాబేస్ అవసరం లేని పేజీలు, క్యాష్ నుంచి ఇవ్వగలిగే పేజీలు కూడా పోతాయి. ట్రాఫిక్‌ని పక్కవాడికి మళ్లించడం వల్ల లాభం ఎప్పుడుంటుంది? పక్కవాడు బాగున్నప్పుడు. అందరికీ ఉమ్మడిగా ఉన్న జబ్బుకి మళ్లింపు పనికిరాదు. రెడీనెస్‌లో ఆ ఒక్క ఇన్‌స్టన్స్‌కి మాత్రమే చెందిన విషయాలు పెట్టండి: కాన్ఫిగరేషన్ చదివిందా, క్యాష్‌లోకి డేటా చేరిందా, షట్‌డౌన్ మొదలైందా, తన లోకల్ డిస్క్ నిండిందా.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు మాయమైంది గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల వాళ్ల డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్ తెగింది. అక్కడితో ఆగలేదు. వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లలో (సైటు పేరుని నెట్‌వర్క్ చిరునామాగా మార్చేవి) ఒక ఆరోగ్య నియమం ఉంది: డేటా సెంటర్‌తో మాట్లాడలేకపోతే నా నెట్‌వర్క్ బాగా లేనట్టు, కాబట్టి నా చిరునామాని ఇంటర్నెట్‌కి ప్రకటించడం మానేస్తాను. ఒక సర్వర్‌కి జబ్బు చేసినప్పుడు ఇది మంచి నియమమే. ఆ రోజు అన్నింటికీ ఒకేసారి తగిలింది, అన్నీ నియమం ప్రకారమే తప్పుకున్నాయి. సర్వర్లు నడుస్తూనే ఉన్నా వాటి దారి ప్రపంచానికి తెలియకుండా పోయింది.

అందుకే, అందరూ ఒకేసారి "బాగా లేదు" అంటే వాళ్ల మాట నమ్మకూడదన్న తర్కం లోడ్ బ్యాలెన్సర్‌లో ఉండాలి. ట్రాఫిక్ పంచే ఎన్వాయ్ అనే ప్రోగ్రామ్‌లో ఇది ముందే ఉంది: బాగున్న సర్వర్లు 50 శాతం కంటే తగ్గితే ఆరోగ్యం సంగతి పక్కనపెట్టి అందరికీ పంపుతుంది. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ కూడా, గ్రూపులో అన్నీ బాగా లేవని తేలితే అన్నింటికీ పంపుతుంది. కుబర్నెటిస్‌లో ట్రాఫిక్ పంచే భాగం పేరు కూడా సర్వీసే, దానికి ఆ దయ లేదు. రెడీ అన్నవాళ్లు ఎవరూ లేకపోతే ఎవరికీ పంపదు.

షట్‌డౌన్ విషయంలో ఒక మాట, ఎందుకంటే కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ కొన్ని 502 ఎర్రర్లు (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని) కనిపించడానికి సాధారణంగా ఇదే కారణం. కుబర్నెటిస్ ఒక పాడ్‌ని (కంటెయినర్లు నడిచే యూనిట్) తీసేసేటప్పుడు ముగించమనే టెర్మ్ సిగ్నల్ పంపడం, రూటింగ్ లిస్టులోంచి తీసేయడం, ఈ రెండూ పక్కపక్కనే సాగుతాయి. ఒకటి అయ్యాక ఒకటి కాదు. సిగ్నల్ రాగానే పోర్టు మూసేస్తే, ఇంకా పాత లిస్టు పట్టుకుని ఉన్న ప్రాక్సీలు (మధ్యలో రిక్వెస్టులు అందించేవి) మూసిన తలుపు మీదికి రిక్వెస్టులు పంపుతాయి. కాబట్టి ఆపే ముందు 5 నుంచి 10 సెకన్లు మామూలుగానే జవాబులిస్తూ ఆగండి, తర్వాత కొత్తవి ఆపి చేతిలో ఉన్నవి ముగించండి. మొత్తం గడువు మామూలుగా 30 సెకన్లు, ఆగే సమయం కూడా అందులోంచే పోతుంది.

ఇక అడిగేవాళ్లలో మూడోది, మనిషి. డిపెండెన్సీల, అంటే మన సర్వీసు ఆధారపడ్డవాటి, తనిఖీలన్నీ ఇక్కడికి రావాలి. వేరే యూఆర్ఎల్, లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే. ప్రతి డిపెండెన్సీకీ దాని స్థితి, ఎంతసేపట్లో జవాబిచ్చింది, చివరిసారి ఎప్పుడు చూశాం అన్నవి ఉండాలి. తనిఖీని రిక్వెస్ట్ వచ్చినప్పుడల్లా చేయకండి. వెనకాల 15 సెకన్లకి ఒకసారి చేసి, ఫలితం దాచి, అడిగినప్పుడు అది చూపించండి. లేకపోతే ఎవరో ఆ యూఆర్ఎల్‌ని పదే పదే కొట్టి డేటాబేస్‌నే అలసిపోయేలా చేయగలరు. బాగా లేనప్పుడు స్టేటస్ కోడ్ 503 (సేవ అందుబాటులో లేదు) ఇవ్వండి. 200 ఇచ్చి లోపల జేసన్‌లో "డౌన్" అని రాస్తే, కోడ్ మాత్రమే చూసే పనిముట్లకి అది ఎప్పటికీ తెలియదు. క్యాష్ చేయవద్దన్న హెడర్ కూడా పెట్టండి. మధ్యలో సీడీఎన్ (పేజీల కాపీలు దాచి పంచే నెట్‌వర్క్) ఉంటే నిన్నటి ఆరోగ్యాన్ని ఇవాళ చూపిస్తుంది.

డేటాబేస్‌కి "సెలెక్ట్ 1" పంపి చూడటం చాలామంది అలవాటు. కనెక్షన్ బతికి ఉందని, పార్సర్ పని చేస్తోందని చెబుతుంది, అంతే. డిస్క్ నిండి రాతలు ఆగిపోయినా సెలెక్ట్ 1 నడుస్తుంది. మీకు కావలసిన టేబుల్ మీద ఎవరో లాక్ పట్టుకుని కూర్చున్నా నడుస్తుంది. దానికంటే ఒక చిన్న హార్ట్‌బీట్ టేబుల్ పెట్టుకోండి. ఒకే వరస, ఒకే టైమ్‌స్టాంప్. ఒక పని 10 సెకన్లకొకసారి దాన్ని ప్రైమరీలో (రాతలు తీసుకునే అసలు డేటాబేస్) మారుస్తుంది. ఇంకోటి రెప్లికాలో (దాని నకలు) చదివి ఇప్పటి సమయంలోంచి తీసేస్తుంది. రాత పని చేస్తోందా, రెప్లికా ఎంత వెనకబడింది అన్న రెండు సంగతులూ ఒకేసారి తెలుస్తాయి. రెండు మెషీన్ల గడియారాలూ సరిగ్గా కలిసి ఉండేలా చూసుకోవాలి, లేకపోతే తేడా తప్పుగా వస్తుంది.

ఇప్పటివరకూ అవును, కాదు అన్న జవాబుల సంగతి. నిజానికి సర్వీసు చాలాసార్లు ఈ రెంటికీ మధ్యలో చెడుతుంది. కనెక్షన్ పూల్ దీనికి మంచి ఉదాహరణ, కాస్త దగ్గరగా చూద్దాం. ఒక ఇన్‌స్టన్స్‌కి సెకనుకి 200 రిక్వెస్టులు వస్తున్నాయి. ఒక్కోటి డేటాబేస్ కనెక్షన్‌ని 40 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది. 200ని 0.04తో గుణిస్తే 8. అంటే సగటున 8 కనెక్షన్లు పనిలో ఉంటాయి. పూల్ సైజు 10, హికారీ అనే జావా పూల్ లైబ్రరీలో మనం మార్చకపోతే ఉండేది అదే. సరిపోతోంది. ఇప్పుడు ఏదో ఇండెక్స్ సరిగా వాడక 40 కాస్తా 60 అయింది. కావలసినవి 12, ఉన్నవి 10. ఇక పూల్ సెకనుకి 167 రిక్వెస్టులే దాటించగలదు, వస్తున్నవి 200. సెకనుకి 33 చొప్పున క్యూ పెరుగుతుంది. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో వర్కర్ థ్రెడ్ల పరిమితి మామూలుగా 200. దాదాపు 6 సెకన్లలో 10 థ్రెడ్లు కనెక్షన్‌తో పనిలో, 190 థ్రెడ్లు కనెక్షన్ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. 201వ రిక్వెస్ట్‌కి థ్రెడ్ లేదు. అది హెల్త్ చెక్ అయినా సరే. ఇంకొన్ని సెకన్లకి ఎదురుచూపు 1 సెకను దాటుతుంది, లైవ్‌నెస్ ప్రోబ్ వరసగా తప్పుతుంది, ప్రాసెస్‌ని చంపేస్తారు. దాని 200 రిక్వెస్టులూ మిగతా వాటి మీద పడతాయి, వాటికీ అదే గతి.

మొదట్లో మారింది 20 మిల్లీసెకన్లే. ఈ మొత్తం కథలో డేటాబేస్ సీపీయూ గ్రాఫ్ ప్రశాంతంగా ఉండొచ్చు, అప్లికేషన్ సీపీయూ అయితే ఇంకా తగ్గుతుంది కూడా, థ్రెడ్లన్నీ నిలబడి ఉన్నాయి కాబట్టి. చూడాల్సిన అంకె ఒక్కటే: పూల్ దగ్గర ఎంతమంది ఎదురుచూస్తున్నారు, ఎంతసేపు. ఆ ఎదురుచూపు సున్నా దాటి నిలిచిందంటే ముప్పు మొదలైనట్టే. హికారీలో కనెక్షన్ కోసం ఎదురుచూసే గడువు మామూలుగా 30 సెకన్లు. అంతసేపు ఏ యూజరూ కూర్చోడు. దాన్ని 1 లేక 2 సెకన్లకి దించండి. త్వరగా తప్పు చెప్పి థ్రెడ్‌ని విడిపించడం, అందరినీ నిలబెట్టడం కంటే మేలు.

గూగుల్‌లో సర్వీసులు నిలకడగా నడిచేలా చూసే ఎస్ఆర్ఈ బృందం 2016లో తెచ్చిన పుస్తకం ప్రతి సర్వీసుకీ నాలుగు కొలతలు చెప్పింది: ఎంతసేపు పడుతోంది, ఎంత ట్రాఫిక్ వస్తోంది, ఎన్ని తప్పుతున్నాయి, ఎంత నిండింది. మొదటి మూడూ అందరూ పెడతారు. నాలుగోది, నిండుదనం, వదిలేస్తారు. పైన చెప్పిన పూల్ దానికిందికే వస్తుంది. ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ప్రతి ఫైలుకీ, కనెక్షన్‌కీ కెర్నల్ ఇచ్చే నంబర్లు) కూడా అంతే. చాలా లినక్స్ మెషీన్లలో ఒక ప్రాసెస్‌కి మామూలు పరిమితి 1024, ప్రతి సాకెట్టూ అందులో ఒకటి తింటుంది. డిస్క్‌లో ఐనోడ్లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున ఉండే నమోదులు) కూడా: చోటు సగం ఉన్నా ఐనోడ్లు అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. చెరిపేసిన లాగ్ ఫైలుని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే ఆ చోటు తిరిగి రాదు, ఫైళ్ల సైజులు కూడితే డిస్క్ లెక్కతో సరిపోదు. డిస్క్‌కి 90 శాతం అని అలర్ట్ పెట్టడం కంటే "ఈ వేగంతో నిండితే 4 గంటల్లో అయిపోతుంది" అన్న అలర్ట్ మంచిది. కొలతలు సేకరించే ప్రొమీథియస్ అనే టూల్‌లో దానికి ఫంక్షన్ ఉంది. క్యూలకి పొడవు కంటే, అన్నిటికంటే పాత మెసేజ్ వయసు చూడండి. లక్ష మెసేజ్‌లు నిమిషంలో ఖాళీ అవుతుంటే బాధ లేదు. పది మెసేజ్‌లు గంటగా కదలకపోతే బాధే.

సమయాన్ని సగటుతో కొలవకండి. వంద రిక్వెస్టుల్లో 99 యాభై మిల్లీసెకన్లలో, ఒకటి 5 సెకన్లలో ముగిస్తే సగటు 100 దగ్గర ఉంటుంది, చూడటానికి ముచ్చటగా. కానీ ఒక పేజీ తెరవడానికి 20 రిక్వెస్టులు వెళ్తే, కనీసం ఒకటైనా ఆ నెమ్మది ఒక శాతంలో పడే అవకాశం 18 శాతం. అంటే ఐదారుగురిలో ఒకరికి పేజీ నత్తనడక. 99వ పర్సెంటైల్ చూడండి, అంటే నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు ముగుస్తున్నాయో. 20 సర్వర్ల పర్సెంటైళ్లు తీసుకుని వాటి సగటు కట్టకండి, ఆ అంకెకి అర్థం లేదు. ఏ సమయ పరిధిలో ఎన్ని రిక్వెస్టులు పడ్డాయో లెక్కపెట్టే హిస్టోగ్రామ్ బకెట్లు కలిపి, అప్పుడు పర్సెంటైల్ లెక్కించాలి. ఇంకోటి, తప్పిపోయిన రిక్వెస్టుల సమయాన్ని విడిగా పెట్టండి. డేటాబేస్ దొరక్క 2 మిల్లీసెకన్లలో 500 ఇచ్చేస్తుంటే, కలిపి గీసిన గ్రాఫ్‌లో సర్వీసు ఎన్నడూ లేనంత వేగంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

మనిషిని నిద్ర లేపే అలర్ట్ విషయానికొద్దాం. సీపీయూ 85 శాతం దాటిందని ఎవరినీ లేపొద్దు. యూజర్‌కి ఇబ్బంది కలుగుతుంటే లేపండి. దానికి ముందు ఎంత ఇబ్బంది ఒప్పుకుంటామో రాసిపెట్టుకోవాలి. 99.9 శాతం సమయం సర్వీసు బాగుండాలి అనుకుంటే, 30 రోజుల్లో బాగా లేకుండా ఉండగలిగేది 43.2 నిమిషాలు, అదే మన బడ్జెట్. 99.99 అంటే 4.32 నిమిషాలు, మనిషి లేచి ల్యాప్‌టాప్ తెరిచేలోగా అయిపోతుంది. కాబట్టి ఆ మాట ఇచ్చే ముందు ఆలోచించండి. వరసగా ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ 5 సర్వీసులు ఒక్కోటి 99.9 అయితే మొత్తం మీద వచ్చేది 99.5, అంటే నెలకి సుమారు 3.6 గంటలు.

ఆ బడ్జెట్ ఎంత వేగంగా ఖర్చవుతోందో దాన్ని బట్టి అలర్ట్ పెట్టడం ఇప్పటికి నాకు తెలిసిన పద్ధతుల్లో ఉత్తమమైనది. లక్ష్యం 99.9 అయితే, గత గంటలో తప్పులు 1.44 శాతం దాటి, గత 5 నిమిషాల్లో కూడా దాటి ఉంటే లేపండి. బడ్జెట్ సరిగ్గా నెలంతా సరిపోయే వేగానికి 14.4 రెట్లు అది. ఆ లెక్కన ఒక్క గంటలో నెల బడ్జెట్‌లో 2 శాతం పోతుంది. గంట కిటికీ వల్ల చిన్న కుదుపులకి మోగదు, 5 నిమిషాల కిటికీ వల్ల సమస్య తీరగానే ఆగుతుంది. నెమ్మదిగా కారిపోయేదానికి 3 రోజుల కిటికీతో మామూలు టికెట్ చాలు. గంటకి మూడే రిక్వెస్టులు వచ్చే సర్వీసుకి మాత్రం ఈ శాతాలు పనికిరావు, ఒకటి తప్పితే 33 శాతం. అక్కడ మనమే నిమిషానికొక పరీక్ష రిక్వెస్ట్ పంపుతూ ఉండాలి.

ప్రొమీథియస్ వాడేవాళ్లు తరచూ జారే చోటు ఒకటుంది. "తప్పుల శాతం 1 దాటితే" అని రూల్ రాశారు. సర్వీసు పూర్తిగా చచ్చి మెట్రిక్ రావడమే ఆగితే, పోల్చడానికి అంకె లేదు, ఫలితం ఖాళీ, అలర్ట్ రాదు. అంతా పచ్చగా ఉంటుంది. కాబట్టి డేటా రాకపోవడానికే విడిగా అలర్ట్ రాయాలి. ట్రాఫిక్ నిన్న ఇదే వేళతో పోలిస్తే సగానికి పడిపోయిందా అన్నదీ ఉండాలి. రాత్రిపూట నడిచే జాబులకీ ఇదే సూత్రం. తప్పితే చెప్పు అనడం చాలదు, మొదలే కాకపోతే తప్పడం కూడా జరగదు. చివరిసారి విజయవంతంగా ముగిసిన సమయాన్ని రాసి, 26 గంటలు దాటితే మోగించండి.

బయటినుంచి చూసే తనిఖీ తప్పనిసరి. డీఎన్ఎస్, సర్టిఫికెట్, సీడీఎన్ చెడితే లోపలి మెట్రిక్‌లకి ఏమీ కనిపించదు, ట్రాఫిక్ తగ్గడం తప్ప. మూడు వేర్వేరు ప్రాంతాల నుంచి నిమిషానికొకసారి చూసి, ఇద్దరు తప్పు అంటేనే నమ్మండి. 200 వచ్చిందా అని మాత్రమే కాకుండా పేజీలో ఉండాల్సిన మాట ఉందా అని చూడండి. సర్టిఫికెట్ గడువుని డిస్క్ మీది ఫైలులో చూడొద్దు, పోర్టుకి కనెక్ట్ అయి అక్కడ ఇస్తున్నదాన్ని చూడండి. రెన్యూవల్ అయి, వెబ్ సర్వర్ రీలోడ్ కాక, పాతదే ఇస్తూ గడువు తీరిపోయే సందర్భం చాలా మామూలు. ఇది ఇకపై ఇంకా ముఖ్యం అవుతుంది. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు.

ఒక చీటీ వచ్చింది: "మానిటరింగ్ సిస్టమే పడిపోతే మాకు ఎలా తెలుస్తుంది?" ఎప్పుడూ మోగుతూనే ఉండే అలర్ట్ ఒకటి పెట్టండి. షరతు ఎల్లప్పుడూ నిజమే. అది ప్రొమీథియస్ నుంచి, దాని అలర్ట్‌లు పంపే అలర్ట్‌మేనేజర్ మీదుగా, మీ మౌలిక వసతులతో సంబంధం లేని బయటి సేవకి నిమిషానికొకసారి చేరాలి. 5 నిమిషాలు చేరకపోతే ఆ బయటి సేవ మీకు ఫోన్ చేస్తుంది. దారిలో ఏ లింకు తెగినా పట్టుబడుతుంది. అలర్ట్‌మేనేజర్ మామూలుగా అదే అలర్ట్‌ని 4 గంటలకి ఒకసారే మళ్లీ పంపుతుంది, ఒకే గ్రూపు గురించి పంపే నోటిఫికేషన్ల మధ్య 5 నిమిషాల విరామం కూడా ఉంటుంది. ఈ ఒక్క అలర్ట్ దారికి ఆ రెంటినీ నిమిషానికి తగ్గించాలి, లేకపోతే ఏమీ చెడకుండానే ఫోన్ మోగుతుంది.

దీనికి అనుబంధంగా స్టేటస్ పేజీ. 2020 నవంబర్ 25న అమెజాన్‌లో డేటా ప్రవాహాలు మోసే కినీసిస్ సేవ పడిపోయింది. ఫ్రంట్ ఎండ్ సర్వర్లు ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతించే థ్రెడ్ల సంఖ్యని దాటేశాయి. దాని మీద ఆధారపడ్డ కాగ్నిటో, అంటే లాగిన్‌లు చూసే సేవ, దెబ్బతింది. కస్టమర్లకి సంగతి చెప్పే డ్యాష్‌బోర్డ్‌ని మార్చే టూల్‌కి లాగిన్ అవ్వడానికి వాడేది కాగ్నిటోనే, కాబట్టి మొదట్లో చెప్పడానికీ ఇబ్బంది పడ్డారు. మీ స్టేటస్ పేజీ వేరే ప్రొవైడర్ దగ్గర, వేరే డొమైన్‌లో, వేరే లాగిన్‌తో ఉండాలి. ఆ పాస్‌వర్డ్, ఆన్-కాల్ వాళ్ల (పిలిస్తే లేవాల్సినవాళ్లు) ఫోన్ నంబర్లు, రన్‌బుక్ (ఏం చెడితే ఏం చేయాలో రాసిన పత్రం) కాపీ, ఇవి మీ సొంత వికీలో మాత్రమే ఉంటే ఇవాళే ఒక ప్రతి బయట పెట్టండి, మూడు నెలలకొకసారి వేరే నెట్‌వర్క్ నుంచి తెరిచి చూడండి.